సింగారి మీద వాలిన జోరీగలు

బిలాస్‌పూర్ స్టేషను బయట టాంగాలు ఆగే చోట సింహాచలం బండిని కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఇట్టే గుర్తుపట్టేవారు. ఆ బండిలో కొరడా ఉండేది కాదు. ఆయన పగ్గాలు వదులుగా పట్టుకుని నాలుకతో చిన్నగా చప్పుడు చేస్తే చాలు, ఎర్రగుర్రం కదిలేది. ఎడమకాలు ఈడ్చుకుంటూ ఆయన పక్కన నడుస్తుంటే అదీ అడుగు తగ్గించుకుని నడిచేది.

ఆయన పుట్టింది గజపతినగరం దగ్గర ఓ పల్లెలో. తండ్రి అప్పలస్వామి రైలుకట్ట పనుల్లోకి ఖలాసీగా వచ్చి బిలాస్‌పూర్‌లోనే నిలిచిపోయాడు. అప్పటికి సింహాచలానికి నాలుగేళ్ళు. పెద్దయ్యాక షెడ్డులో ఇంజన్లు తుడిచే పని దొరికింది. ఇరవై రెండో ఏట రెండు వ్యాగన్ల మధ్య కాలు పడి పాదం సగం నుజ్జయింది. ఇంక షెడ్డు డ్యూటీకి పనికిరాడని ఒక ఇంజనీరు దొర గుర్రాన్ని చూసుకునే సాయిసుగా పెట్టారు. అంతవరకూ ఆయన గుర్రాన్ని ముట్టుకుని ఎరగడు. మొదటి నెల భయంతో, రెండో నెల జాలితో, ఆ తర్వాత ప్రాణంతో సాకాడు. గుర్రం చెవులు ఎటు తిరిగితే దాని మనసు అటుందని, కడుపునొప్పి వస్తే తన పొట్టకేసి తనే వెనుదిరిగి చూసుకుంటుందని, ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు. కొన్నేళ్ళకి దొర మోటారు కొనుక్కుని గుర్రాన్ని అమ్మేశాడు. సింహాచలం పాత టాంగా ఒకటి బాగుచేయించుకుని, అద్దె గుర్రంతో స్టేషను దగ్గర చేరాడు.

ఆ ఎర్రగుర్రం, సింగారి, ఆయన చేతిలోకి వచ్చింది దగ్గరి పల్లె బెల్తరాలో. ఆ ఊరి భూస్వామి మాల్‌గుజారు ఇంట ఓ గుర్రం ఈని, ఈనిన పూటే చచ్చిపోయింది. పిల్ల నిలబడలేక నేలమీద కాళ్ళు కొట్టుకుంటోంది. ఇది బతకదు, అవతల పారేయండి అంటున్నారు. బేరానికి ఆ ఊరెళ్ళిన సింహాచలం, నన్ను పట్టుకెళ్ళనివ్వండని అడిగి, టాంగాలో గడ్డి పరిచి దాన్ని పడుకోబెట్టి తెచ్చాడు. ఆయన భార్య అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటి మావా ఇది? తల్లి లేని గుర్రప్పిల్లని నానేటి సేసుకోవాల?" అంది. అంటూనే పొయ్యి రాజేసి మేకపాలు కాచింది. పాత చీరముక్క పాలల్లో ముంచి దాని నోటికందించింది. ఇరవై రోజులు అలా చీరపీలిక చప్పరించి, ఇరవై ఒకటో నాడు అది తనంతట తను గిన్నెలో మూతి పెట్టింది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మంగాయమ్మ అప్పటికే పెళ్ళయి ఖరగ్‌పూర్ వెళ్ళిపోయింది. కుదుదండ్ పేటలోని మట్టింట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ, వెనకవైపు రేకుల లాయంలో సింగారీ మిగిలారు. మూడేళ్ళు నిండాకే దాన్ని బండికి కట్టాడు. ఆపైన పదేళ్ళు అది బిలాస్‌పూర్ దారులన్నీ తొక్కింది. ప్రసవానికి వెళ్ళే ఆడవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఆ బండే కావాలని కబురు పెట్టేవారు. గతుకు వస్తే అది ముందే నెమ్మదిస్తుందని ఊళ్ళో పేరు.

పందొమ్మిది వందల ముప్పై ఒకటో సంవత్సరం శ్రావణంలో వానలు ఎడతెరిపి లేకుండా పడ్డాయి. స్టేషను పక్క మురుక్కాలువ పొంగి, పేడకుప్పలన్నీ కుళ్ళి, ఎప్పుడూ లేనంతగా జోరీగలు పుట్టుకొచ్చాయి. తోకలు విసిరి విసిరి గుర్రాలు అలిసిపోయేవి. ఆ రోజుల్లోనే ఎవరో రాయగఢ్ నుంచి కొత్త గుర్రాన్ని కొని తెచ్చారు. దాని పెదవుల మీద, కాళ్ళ మీద గింజల్లాంటి పొక్కులున్నాయి. తోవలో ముళ్ళు గీరుకున్నాయన్నాడు తెచ్చినవాడు. పదిరోజులు తిరక్కుండా ఇంకో రెండు గుర్రాలకి అవే పొక్కులు లేచాయి. మొదట ఆవగింజంత, తర్వాత శనగగింజంత. ఆ తర్వాత చితికి రసి కారి చెక్కు కట్టేవి.

టాంగావాళ్ళు బెదిరిపోయారు. నీళ్ళతొట్టి వేరు చేశారు, దాణా సంచులు మార్చుకోవడం మానేశారు. సింహాచలం అందరికంటే జాగ్రత్తపడ్డాడు. ఇంటి దగ్గరే నీళ్ళు పట్టేవాడు. స్టేషను దగ్గర బండిని మిగతావాటికి ఎడంగా, ఇంజన్ల బూడిద గుమ్మరించే చోట నిలిపేవాడు. వేడి బూడిద మీద వానచినుకులు పడి అక్కడ ఎప్పుడూ పొగ లేస్తుండేది. ఆ పొగకి దగ్గొచ్చినా ఆయన అక్కణ్ణుంచి కదలలేదు. సింగారి ఒళ్ళు అద్దంలా ఉంది.

అప్పుడే తోటి టాంగావాడు బిసాహు గుర్రం జబ్బుపడింది. బిసాహు బెల్తరా వైపు మనిషి, ఛత్తీస్‌గఢీవాడు. సింహాచలాన్ని భయ్యా అని పిలిచేవాడు. ఒక మధ్యాహ్నం వాడు ఒంటినిండా పొక్కులున్న తన గుర్రాన్ని నడిపించుకుంటూ కుదుదండ్ మీదుగా పోతున్నాడు. ఉన్నట్టుండి కుండపోత మొదలైంది. గుర్రం వణికిపోతోంది. వాడు వీధిలో నిలబడి సింహాచలం ఇంటివైపు చూశాడు, నోరు తెరిచి అడగలేదు.

"వొద్దు మావా. పక్కిల్లు ఖాళీగా ఉంది, అక్కడ కట్టుకోమను," అంది నర్సమ్మ మెల్లగా.

ఆ పక్కిల్లు కప్పు లేనిది. సింహాచలానికి మనసొప్పలేదు. లాయానికి ఆనుకున్న పొడుగాటి చావడిలో ఆ చివర గుంజకి బిసాహు గుర్రాన్ని కట్టించాడు. ఈ చివర సింగారి. మధ్యన పదిహేను అడుగుల ఎడం. తాడు వేరు, తొట్టి వేరు. తను కూడా ఆ గుర్రాన్ని చేత్తో ముట్టుకోలేదు. దాని మెడ మీద జోరీగలు మూగి రక్తం తాగుతుంటే చూడలేక దూరం నుంచి గోనెపట్టా విసిరి తోలాడు. అవి గుంపుగా లేచి గిర్రున తిరిగి, ఇటొచ్చి సింగారి రొమ్ము మీద వాలాయి. సింగారి చర్మం జలదరించింది. సింహాచలం పరుగున వచ్చి అరచేత్తో చరిచాడు. చేతికంటిన రక్తాన్ని చూసి పంచెకి తుడిచేసుకున్నాడు. అరగంటలో వాన వెలిసింది. బిసాహు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజు పొద్దున్న సింగారికి మాలీసు చేస్తుంటే ఆయన చేతికి రొమ్ము మీద నాలుగు గింజలు తగిలాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. సరిగ్గా ఆ చోటే. ఆయన నర్సమ్మని పిలవలేదు. చాలాసేపు గుర్రం మెడ మీద నుదురానించుకుని నిలబడ్డాడు. నీళ్ళకని వచ్చిన నర్సమ్మకి అలా కనిపించాడు. ఆమె వచ్చి చూసింది, వేలితో తడిమింది. వెళ్ళి వేపాకు తెచ్చి పొగ పెట్టింది.

పశువుల డాక్టరు గోవిందరావు కూడా మన వైపువాడే, శ్రీకాకుళం మనిషి. రెండు రోజుల్లో వెనకకాలి మీద కూడా పొక్కు లేచేసరికి సింహాచలం కుంటుకుంటూ వెళ్ళి ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. గోవిందరావు గుర్రం నోరు తెరిచి చూశాడు, రొమ్మూ కాళ్ళూ పరీక్షగా చూశాడు. ఇది గుర్రాలకొచ్చే మశూచి లాంటిదని, చూడ్డానికే భయంగాని మూడు నాలుగు వారాల్లో దానంతటదే మానిపోతుందని చెప్పాడు. సింహాచలం ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత తన మనసులోది బయటపెట్టాడు.

"బాబూ, ఒకటి సెప్తాను, నవ్వకండి. ఇది తాకితే అంటుకున్నది కాదు. ఆ గుర్రం ఆ కొసన, ఇది ఈ కొసన. మద్దిని ఎగిరింది జోరీగలొకటే. దాని మీంచి నానే తోలినాను. తోలితే వొచ్చి దీని మీద వాలినాయి. వాలిన కాడే లేసినాయి పొక్కులు. టేసను కాడ బూడిద పొగలో నిలబెట్టినన్నాళ్ళూ దీనికేటీ కాలేదు."

గోవిందరావు నవ్వలేదు. జోరీగలు గుర్రాలకి వేరే రకం జ్వరాన్ని మోసుకొస్తాయని పుస్తకాల్లో చదివానని, ఈ చర్మం జబ్బునీ అలాగే మోస్తాయని కొందరు అనుకుంటున్నారని, కానీ కళ్ళతో చూసిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానని అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి సింహాచలం చెప్పిందంతా రాసుకున్నాడు. ఏ గుర్రాలు మురుక్కాలువ పక్కన నిలబడేవో, ఏవి బూడిద దగ్గర నిలబడేవో కూడా అడిగాడు.

వెళ్ళబోతూ ఆయన సింగారి వెనకకాలు మరోసారి చూశాడు. అక్కడ గోక్కుని గోక్కుని పొక్కు పుండయింది. గ్లాండర్స్ అని గుర్రాలకి ప్రాణాంతకమైన జబ్బొకటుంది, దానికీ కాళ్ళ మీద ఇలాగే పుళ్ళు పడి ముక్కు కారుతుంది, అది మనుషులకి కూడా అంటుకుంటుంది కాబట్టి ఆ జబ్బున్న గుర్రాన్ని కాల్చేయమని చట్టముంది అని చెప్పాడు. ఇది అది కాదని తనకి నమ్మకమే. అయినా రుజువు కావాలంటే ఒక సూదిమందు వేసి రెండురోజులు చూడాలి. ఆ మందు కోసం నాగపూర్‌కి రాశాడు. అది వచ్చేదాకా గుర్రాన్ని గడప దాటించొద్దని మరీమరీ చెప్పాడు. మర్నాడే ఎక్కడో పశువుల్లో దొడ్డరోగం పుట్టిందని కబురొస్తే గోవిందరావు పల్లెలమీద వెళ్ళాల్సి వచ్చింది.

తర్వాతి పదిరోజులూ సింహాచలం లాయం వదిలి కదలలేదు. నాలుగువైపులా గోనెపట్టాలు వేలాడగట్టి తడుపుతూ ఉండేవాడు. పేడ పడిన వెంటనే దూరంగా గొయ్యిలో పూడ్చేవాడు. వేపనూనెలో కర్పూరం కలిపి ఒళ్ళంతా రాసేవాడు. ఒక్క ఈగని కూడా దాని మీద వాలనివ్వలేదు. రొమ్ము మీద పొక్కులు చెక్కు కట్టడం మొదలైంది. కానీ వెనకకాలి పుండు మానలేదు. దానికితోడు వానగాలికి జలుబు చేసి ముక్కు కారసాగింది.

అంతలో స్టేషను దగ్గర పుకారు పుట్టింది. ఎవరో పెద్దమనిషి ఫిర్యాదు చేశాడని, పైనుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని, జబ్బు గుర్రం కనబడితే కాల్చేస్తాడని. రెండురోజుల్లో నాలుగు టాంగాలు మాయమయ్యాయి. బిసాహు సింహాచలం దగ్గరకొచ్చాడు. తను గుర్రాన్ని బెల్తరా తీసుకుపోతున్నానని, సింగారిని కూడా తోలుకు రమ్మని బతిమాలాడు. అక్కడ మావయ్య దొడ్డి ఉంది, ఎవరికీ తెలియదు, వారం దాచుకుంటే చాలన్నాడు.

సింహాచలం తడి గోనెపట్టా సర్దుతూ విన్నాడు. బెల్తరాలో మాల్‌గుజారు మందలో ఆ సమయానికి నాలుగైదు చూడి గుర్రాలున్నాయని ఆయనకి తెలుసు. సింగారి పుట్టిన మంద అది.

"దీని పుండు ఇంకా పచ్చిగా ఉందిరా బిసాహు. తోవ పొడుగునా ఈగలు దీనెంటే వొస్తాయి. ఆ ఊరి మందలో సూడి గుర్రాలున్నాయి. నా గుర్రాన్ని దాసుకోడానికి నాను జబ్బుని మోసుకెళ్ళలేను."

వెళ్ళొద్దని బిసాహుకి కూడా నచ్చజెప్పబోయాడు. తన గుర్రానికి చెక్కులు రాలిపోతున్నాయి కదా అన్నాడు వాడు. ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు.

మూడోనాడు పొద్దున్న ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెంట ఇద్దరు పోలీసులు, స్టేషను దగ్గర ఉండే ఒక గుమాస్తా. మిగతా జబ్బు గుర్రాలు ఎక్కడా దొరకలేదు. దాచకుండా ఉంచినది ఒక్క సింగారే. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడు. కాలి పుండు చూశాడు, ముక్కు చూశాడు, రుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కేశాడు. గ్లాండర్స్ అన్నాడు. గుమాస్తా కాగితం రాశాడు.

సింహాచలం ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తనకొచ్చిన హిందీలో చెప్పుకున్నాడు. డాక్టరుబాబు చూశారని, మశూచి అన్నారని, నాగపూర్ నుంచి సూదిమందు వస్తోందని, ఆ మందు పడ్డాక రెండురోజుల్లో తేలిపోతుందని. అన్నీ చెప్పి చివరికి తెలుగులోకి వచ్చేశాడు. "రెండు రోజులు బాబూ. రెండే రోజులు." గుమాస్తా ఆ మాటని తర్జుమా చేశాడు. మందు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదని, ఊళ్ళో మనుషులకి అంటుకుంటే జవాబు చెప్పేది తనేనని, ఆపలేనని ఇన్‌స్పెక్టరు అన్నాడు. జీవాన్ని ఎవరు తోలుకొస్తారని అడిగాడు.

పోలీసు తాడు పట్టుకుంటే సింగారి కదలలేదు. రెండోవాడు లాఠీ ఎత్తాడు. సింహాచలం లేచి, నేనే తీసుకొస్తానన్నాడు.

అర్పా నది ఒడ్డున ఇసుకదిబ్బ దాకా మైలున్నర నడక. ఆయన పక్కన నడిచాడు, అది ఎప్పటిలాగే ఆయన కుంటికాలికి సరిపోయేలా అడుగు వేసింది. తోవలో తెలిసినవాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకుని సందులోంచి చూశారు. నర్సమ్మ వీధి మలుపు దాకా వచ్చింది. తెచ్చిన నానబెట్టిన ఉలవలు దోసిట్లో పెట్టి తినిపించింది. చెయ్యి కడుక్కోవాలని గుమాస్తా దూరం నుంచి హెచ్చరించాడు. ఆమె కడుక్కోలేదు.

ఒడ్డున గొయ్యి ముందే తవ్వించి ఉంచారు. వాన లేదు. ఎండ కాసేసరికి ఎక్కణ్ణుంచి వచ్చాయో జోరీగలు పుండు మీద ముసిరాయి. సింగారి కాలు విదిలించుకుంటోంది, తల అటూ ఇటూ తిప్పుతోంది. తుపాకీ పట్టినవాడు గుర్రం కదలకుండా ఉంటేగాని కాల్చలేనన్నాడు. సింహాచలం తలగుడ్డ విప్పి వెనకకాలికి చుట్టాడు, కరిచిపట్టుకున్నవాటిని వేళ్ళతో ఒక్కొక్కటే తీసేశాడు. మెడ కింద గోకాడు. నాలుకతో చిన్నగా చప్పుడు చేశాడు. అది చెవులు రెండూ ఆయన వైపు తిప్పి కుదురుగా నిలబడింది. తుపాకీవాడికి తలూపి ఆయన ఒకడుగు పక్కకి జరిగాడు.

గోవిందరావు పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. మందు అంతకు ముందురోజే వచ్చి ఉంది. ఆయన స్టేషను దగ్గరకి తిరిగొచ్చిన గుర్రాలన్నిటికీ సూది వేశాడు. ఒక్కదానికీ గ్లాండర్స్ లేదు. పొక్కులన్నీ మానిపోయి మచ్చలు కూడా సరిగా కనిపించడం లేదు. బిసాహు గుర్రం బండి లాగుతోంది. బెల్తరాలో ఏ గుర్రానికీ ఏమీ కాలేదు.

డాక్టరు కుదుదండ్ వచ్చి ఖాళీ లాయం ముందు నిలబడ్డాడు. నిజం చెప్పకుండా ఉండలేక చెప్పాడు. సింగారిది గ్లాండర్స్ అయ్యుండదని, ఇంకో పదిరోజులు గడిస్తే మామూలుగా తిరిగేదేనని.

"అయితే నాను దాన్ని బెల్తరా తోలుకుపోతే బతికీది గదా బాబూ?" అన్నాడు సింహాచలం.

బిసాహు గుర్రం మానే దశలో ఉంది కాబట్టి అంటుకోలేదని, సింగారి పుండు పచ్చిది, దాన్ని తీసుకెళ్ళుంటే ఈగలు ఆ మందనంతా పాడుచేసేవని, నువ్వు చేసింది సరైన పనేనని గోవిందరావు చెప్పాడు. సింహాచలం తలూపాడు. అది నిజమో, తన మీద జాలితో చెప్పిన మాటో ఆయనకి ఎప్పటికీ తేలలేదు.

బండిని అమ్మేశాడు. స్టేషను దగ్గర గుర్రాలకి నీళ్ళు తోడి పోసే పనిలో కుదిరాడు. ప్రతి వానాకాలం టాంగాలు నిలబడే చోట వేపాకు పొగ పెట్టడం, పేడ ఎత్తించి పూడ్పించడం ఆయనే చూసుకునేవాడు. పొక్కులతో కొత్త గుర్రమేదైనా వస్తే మంచిమాటతోనైనా సరే, గొడవపడైనా సరే, దూరంగా పంపేవాడు. మొదట్లో నవ్విన టాంగావాళ్ళు మెల్లగా ఆయన మాట వినడం నేర్చుకున్నారు. గోవిందరావు ఆ సంగతంతా కాగితం మీద రాసి పైకి పంపానని ఒకసారి చెప్పాడు. జవాబు వచ్చిందా అని సింహాచలం అడగలేదు.

ఏడేళ్ళ తర్వాత బిసాహు బెల్తరా నుంచి ఆడ గుర్రప్పిల్లని తోలుకొచ్చి ఆయన గుమ్మంలో నిలబెట్టాడు. ఊరికే తీసుకోమన్నాడు. ఆరోజు వానలో మీ చావడిలో తలదాచుకోకపోయినా బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నానని వాడు తల వంచుకుని చెప్పాడు. సింహాచలం గుర్రప్పిల్ల పళ్ళు చూశాడు, డెక్కలు ఎత్తి చూశాడు, ఆరోగ్యంగా ఉందన్నాడు. ఈగలు ముసరకుండా ఎక్కడ కట్టాలో చెప్పాడు. తోలుకుపొమ్మన్నాడు.

వాడు వెళ్ళాక నర్సమ్మతో, "ఆరోజు నువ్వు వొద్దన్నావు. ఇన్నేళ్ళలో ఒక్కసారయినా నన్ను అనలేదేటి?" అన్నాడు.

"ఏటనీది మావా? నోరులేని జీవం వానలో వొణుకుతాంటే నాను మాత్రం కట్టనివ్వకుండా ఉందునా? ఆ మాట నోటితో అన్నాను గాని, నువ్వు ఇనకపోతే బాగుణ్ణని మనసులో అనుకున్నాను."

సింహాచలం గోడకి జారబడి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు కాళ్ళ దగ్గరా, నది ఒడ్డునా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. నర్సమ్మ పొయ్యి మీది అన్నం దించి వచ్చి, ఆయన పక్కన కూర్చుంది.